మా బావ కంప్యూటర్‌లో తెల్ల పేజీ

నగరిలో ఆదిమూలాలు చాలామంది ఉన్నారు. డిజైన్ ఆదిమూలం మాత్రం ఒక్కడే, మా కోమలక్క మొగుడు. చీర అంచున గోపురాలు, కొంగున హంసలు రావాలంటే ఏ వరసలో ఏ పోగు పైకి లేవాలో ఎవరో ఒకరు గళ్ళలో గీసి ఇవ్వాలి. ఆ గీత చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం నెత్తిన తిరుగుతూ పోగులను లేపుతాయి. మా ఊళ్ళో పవర్‌లూమ్‌ల మోత పొలిమేర దాకా వినబడుతుంది గానీ, ఆ మగ్గాలు ఏం నేయాలో చెప్పేవాడు ఊరిని ఆనుకున్న ఏకాంబరకుప్పంలో ఒక మూల గదిలో కూర్చుని ఉంటాడని చీర కట్టుకునేవాళ్ళకు తెలియదు. ఈ సంగతి మీద మా బావకు ఎప్పుడూ కినుకే.

ఆయనతో బస్సులో ప్రయాణం చేయడమంత నరకం ఇంకొకటి లేదు. పుత్తూరు బస్సులో ఎవరో ఒకావిడ ఆయన గీసిన అంచు కట్టుకుని ఎక్కుతుంది. ఇక ఈయన ఆ అంచు మీద నుంచి చూపు తిప్పడు. ఒకసారి ఒకావిడకు ఒళ్ళు మండి, "ఏమయ్యా, ఇంట్లో ఆడోళ్ళు లేరా నీకు?" అని అందరి ముందూ కడిగేసింది. "ఉండారమ్మా. ఆ మామిడిపిందె నాది, అందుకు సూస్తా ఉండా" అన్నాడు ఈయన. బస్సంతా ఒకటే నవ్వు. నేను తర్వాతి స్టాపులో దిగిపోయి ఇంకో బస్సు పట్టుకున్నాను.

వాళ్ళ నాయన కుప్పయ్య గుంటమగ్గం నేసేవాడు. కొడుకు చేత కూడా మగ్గం తొక్కించాలని ఆయన ఆశ. కొడుకేమో లెక్కల నోటుబుక్కులో గళ్ళు కనబడితే చాలు, వాటి నిండా పువ్వులు నింపేవాడు. చివరికి కాంచీపురం నుంచి వచ్చిన ఒక డిజైన్ మేస్త్రి దగ్గర చేరి గ్రాఫ్ కాగితం మీద పని నేర్చుకున్నాడు. గడి తప్పితే రబ్బరుతో చెరపడం, చెరిపి చెరిపి కాగితం చిరిగితే మొదటి నుంచి మళ్ళీ గీయడం. మా అక్కను చూసుకోవడానికి వచ్చిన రోజు కూడా ఆమె ముఖం కంటే చీర అంచునే ఎక్కువసేపు చూశాడని మా అమ్మ పోయేదాకా ఆడిపోసుకుంది. పైగా "ఆ అంచులో ఒక వరస తప్పుండాది అత్తా" అన్నాడట. ఆ మాటకే సంబంధం తప్పిపోవలసింది, మా అక్క నవ్వబట్టి నిలిచింది.

ఆయనకు కంప్యూటర్ అంటగట్టింది నేనే. బస్టాండు దగ్గర నాకు డీటీపీ, జెరాక్స్ షాపు ఉంది. పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు, వర్ధంతి పోస్టర్లు వేస్తుంటాను. చాలా ఏళ్ళ కింద పుత్తూరులో ఒక ఇంటర్నెట్ సెంటర్ మూతపడితే అందులో ఒక కంప్యూటర్ తెచ్చి బావ గదిలో పెట్టాను. డబ్బాలాంటి మానిటర్, లోపల విండోస్ ఎక్స్‌పీ. మౌస్ పట్టుకోవడం నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పెయింట్ అని బొమ్మలు గీసే ప్రోగ్రాంలో ఒక గడి అంటే ఒక పోగు అని అర్థమైన తర్వాత మాత్రం ఆయన్ను కుర్చీలోంచి లేపడం మా అక్క వల్ల కాలేదు. గ్రాఫ్ కాగితాల కట్టలన్నీ అటక ఎక్కాయి.

డిజైన్ అంటే ఒక ముక్కే గీస్తారు. మగ్గం మీద ఆ ముక్కే పక్కపక్కన మళ్ళీ మళ్ళీ వస్తుంది. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు కుదరడంలోనే ఉంది పనితనమంతా. అక్కడ ఒక్క గడి తేడా వచ్చిందంటే చీర పొడవునా గీతలు పడతాయి. ముక్కను ఎంతసేపు చూసినా ఆ తప్పు దొరకదు, నాలుగు ముక్కలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరోజు బావ పెయింట్‌లో సేవ్ నొక్కబోయి దాని కిందెక్కడో ఇంకోటి నొక్కాడు. అంతే, ఆయన గీసిన నెమలి డెస్క్‌టాప్ మీద వరసలు వరసలుగా పరుచుకుంది. బ్యాక్‌గ్రౌండ్ బొమ్మను పలకల్లా పరిచే సదుపాయం అది, అందరి కంప్యూటర్లలోనూ ఉండేదే. మా బావ మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా కేక వేశాడు. "కోమలీ, ఇట్ల రాయే! మగ్గం ఎక్కకముందే సీర కనబడతా ఉండాది!"

ఆనాటి నుంచి డెస్క్‌టాప్ మీద పరిచి చూసుకోనిదే ఒక్క డిజైన్ కూడా అట్టల షాపుకు పంపలేదు. లోకమంతా అక్కడ దేవుడి బొమ్మో పిల్లల ఫోటోనో పెట్టుకుంటే ఈయన సగం గీసిన అంచులు పెట్టుకున్నాడు. దూరంగా జరిగి, తల పక్కకు వంచి, ఒక కన్ను మూసి అతుకులు చూసుకునేవాడు. కుదిరిందనిపిస్తే లోపలికి వినబడేలా కాఫీ అడిగేవాడు. కాఫీ అడగలేదంటే ఇంకా కుదరలేదని మా అక్కకు లెక్క.

మొన్న ఎండాకాలంలో ఒకసారి కరెంటు పోయి వచ్చింది. వచ్చాక డెస్క్‌టాప్ మీద డిజైన్ లేదు, తెల్లటి పేజీ ఉంది. పైన యాక్టివ్ డెస్క్‌టాప్ రికవరీ అని పెద్ద అక్షరాలు, కింద ఏదో పొరపాటు జరిగిందని నాలుగు వాక్యాలు, ఆ కింద పాత డెస్క్‌టాప్‌ను తిరిగి తెచ్చుకోమని ఒక బటన్. బటన్ నొక్కితే స్క్రిప్టులో తప్పుందంటూ ఇంకో డబ్బా. దాన్ని మూస్తే మళ్ళీ తెల్ల పేజీ. పెయింట్ పనిచేస్తుంది, గీసుకోవచ్చు, దాచుకోవచ్చు. ఎన్నిసార్లు బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టినా డిజైన్ మాత్రం ఆ తెల్లదనం వెనకే ఉండిపోతుంది, కంటికి రాదు.

ఇది నాకు తెలిసింది చిన్నబ్బ వల్ల. బావ వాళ్ళ వీధి చివర మగ్గాల షెడ్డు చిన్నబ్బదే. బావ డిజైన్లు వాడేవాళ్ళలో చివరికి మిగిలింది ఆయనొక్కడే. తక్కినవాళ్ళంతా ఎప్పుడో సేలం డిజైన్లకు మారిపోయారు, వాట్సాప్‌లో అడిగితే వాట్సాప్‌లోనే వచ్చి పడతాయి. ఒక ఆదివారం నేను అక్క దగ్గర ఇడ్లీ తింటుంటే చిన్నబ్బ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నా, ఈ తూరీ అతుకు కాడ గీత పడిండాది. సీరలన్నీ డ్యామేజీ కింద పోయినాయి. ముందు తూరీ ఇంతే."

"నన్నేం సేయమంటావు సిన్నబ్బా? ఈ తెల్ల దయ్యం వచ్చి కూర్చునుండాది. పరిచి సూసుకునేదానికి లేదు. అందాజుగా గీసి ఇస్తా ఉండా."

"కంప్యూటర్ బాగు సేపించుకో అన్నా. నీ మీద ఉండే మర్యాదకే ఇంకా ఈడికి వస్తా ఉండా. గోపురం అంచు అడిగినా కదా, అదొక్కటి సరిగ్గా ఇయ్యి. అదీ తప్పితే నన్నేమీ అనుకోవద్దు, సేలానికి పోవాల్సిందే."

చిన్నబ్బ గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. ఆ అంచు కుదిరితే మా బావ డిజైన్ ఆదిమూలం. కుదరకపోతే ఉత్త ఆదిమూలం, తిన్నె మీద కూర్చుని పొద్దుపుచ్చే ముసలివాళ్ళలో ఒకడు. అలాంటి బతుకు ఆయన ఒక్క నెల బతకలేడని నాకు తెలుసు. "ఇంత సిన్నదానికా ఇంత పంచాయితీ? నేను బాగు సేస్తా, నువ్వు పో సిన్నబ్బా" అన్నాను చెయ్యి కడుక్కుంటూ. బావ నా వైపు చూసిన చూపులో సంతోషం లేదు. నా తెలివి మీద నమ్మకం లేక కాబోలు అనుకున్నాను.

ఆ రోజే కూర్చున్నాను. ప్రాపర్టీస్‌లోకి పోయి బ్యాక్‌గ్రౌండ్ మార్చి చూశాను, తెల్ల పేజీ కదల్లేదు. లోపలి పెట్టెల్లో వెతికితే ఎప్పుడో ఎవరో డెస్క్‌టాప్‌కు ఒక వెబ్ పేజీని అతికించి ఉన్నారు, పాత ఇంటర్నెట్ సెంటర్ వాళ్ళ పని. దాని ముందున్న టిక్కు తీసేశాను. ఒక్క నిమిషం నీలంగా మారి, మళ్ళీ తెల్లబడింది. బావ నా వెనకే నిలబడి, "ఉండనీలే ప్రసాదూ, షాపు కాడ నీ గిరాకీ పోతాది" అంటున్నాడు. కాలేజీ అడ్మిషన్లు అయిపోయాక నా షాపుకు ఈగలు తప్ప ఎవరూ రారని ఆయనకూ తెలుసు.

రెండోసారి పోతే గదిలో కరెంటు లేదన్నాడు. ఫీజు పోయిందన్నాడు. నేను పోయి చూస్తే ఫీజు నిక్షేపంగా ఉంది, మెయిన్ ఎవరో కిందికి దించి ఉన్నారు. నేను కెలికితే డిజైన్లు పోతాయని దిగులు పడుతున్నాడనుకుని, "నీ గోపురాలూ హంసలూ అన్నీ పెన్ డ్రైవులో ఎక్కిస్తా, సరేనా?" అని ఎక్కించాను. గోపురం ముక్క తెరిచి చూశాను కూడా. కలశాలు, అంతస్తులు, బూడిద రంగు నీడలు. పాత గోపురాన్నే చిన్నబ్బ అడిగిన వెడల్పుకు తగ్గట్టు అంచుల దగ్గర మార్చాడు. ముక్క వరకు చాలా బాగుంది.

షాపులో కూర్చుని ఇంటర్నెట్‌లో పాత ఫోరమ్‌లలో ఈ జబ్బు గురించి చదివాను. ప్రపంచంలో ఎందరో ఈ తెల్ల పేజీతో తలలు కొట్టుకుని, జవాబు దొరక్కుండానే కొత్త కంప్యూటర్లు కొనుక్కుని పోయారు. మా బావకు కొత్తది ఇస్తానని నేనూ అదివరకే అడిగి ఉన్నాను. "వద్దప్పా, దాంట్లో గళ్ళు మరీ సన్నం" అన్నాడు. మొండితనం అనుకుని వదిలేశాను. ఒక ఫోరంలో ఎవరో పుణ్యాత్ముడు రాసింది దొరికింది. రిజిస్ట్రీ అని కంప్యూటర్ గుండెకాయలాంటి చోటొకటి ఉంటుంది, అందులో ఒక అంకెను సున్నా చేసి, మళ్ళీ ఆన్ చేయాలట.

మర్నాడు అన్నం తిన్న వెంటనే పోయాను. రిజిస్ట్రీ తెరిచేసరికి బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది ముట్టొద్దప్పా."

"డిజైన్లన్నీ నా జేబులో ఉండాయి కదా బావా. ఇంకేం పోతాది?"

"ముట్టొద్దంటే ముట్టొద్దు."

నాకు కడుపు మండింది. "సిన్నబ్బ సేలానికి పోతానంటా ఉండాడు. నీకు ఈ అంచు కావల్నా వద్దా? సెప్పు, ఇప్పుడే లేసి పోతా."

బావ గుమ్మం వైపు తిరిగాడు. అక్క అక్కడే నిలబడి ఉంది. ఆయన నెమ్మదిగా నా చెయ్యి వదిలేశాడు. "కానీ" అన్నాడు.

అంకెను సున్నా చేసి రీస్టార్ట్ నొక్కాను. ఆ కంప్యూటర్ పడుకుని లేచేలోపు మనిషి టీ తాగి రావచ్చు. ఈసారి తప్పకుండా పోతుందని నాకు గట్టి నమ్మకం కలిగింది, ఆగలేక చిన్నబ్బకు ఫోన్ కొట్టాను. "రా సిన్నబ్బా, వచ్చి నీ కండ్లతో సూసుకో" అన్నాను. షెడ్డు ఎంత దూరం, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వెంటనే వచ్చేశాడు. బావ కుర్చీలో కూర్చున్నాడు. మేమిద్దరం ఆయన వెనక నిలబడ్డాం.

విండోస్ పాట వచ్చింది. తెల్ల పేజీ పోయింది. దాని వెనక ఇన్నాళ్ళూ కనబడకుండా ఉన్న గోపురం అంచు డెస్క్‌టాప్ నిండా పరుచుకుంది.

ఒక్క అతుకు కూడా కుదరలేదు. ముక్క మధ్యలో ఉన్న గోపురాలు బాగానే ఉన్నాయి. ముక్కకూ ముక్కకూ నడుమ పడిన ప్రతి గోపురం నిలువునా రెండుగా చీలి, ఒక సగం కిందికి జారి ఉంది. కలశం ఒకచోట, శిఖరం ఒకచోట. ఒక గడో రెండు గళ్ళో కాదు, గుప్పెడు గళ్ళ తేడా. డిజైన్ అంటే ఏమిటో తెలియని నాకే గుమ్మం దగ్గర నుంచి చూసినా తెలిసేటంత తప్పు. నేను చిన్నబ్బ వైపు చూశాను, చిన్నబ్బ నేల వైపు చూస్తున్నాడు.

బావ మా మౌనం విన్నట్టున్నాడు. కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"సూసినావా సిన్నబ్బా, కుదిరిపోయింది. ఇదిగో, ఈడ కలిసింది అతుకు" అని తెర మీద వేలు పెట్టాడు.

ఆ వేలి కింద అతుకు లేదు. రీసైకిల్ బిన్ ఉంది.

చిన్నబ్బ మంచివాడు. "బాగుండాదన్నా" అన్నాడు. "అట్టల షాపుకు నేనే ఇస్తాలే" అని నా దగ్గర పెన్ డ్రైవు కూడా అడిగి తీసుకున్నాడు. వీధిలోకి వచ్చాక దాన్ని మళ్ళీ నా చేతిలో పెట్టేశాడు.

"ఎన్నాళ్ళ నుంచి ప్రసాదూ?"

"నాకు తెలీదు సిన్నబ్బా. దేవుడి మీద ఆన."

"సేలం వాళ్ళకు ఈ పొద్దే సెప్పేస్తా. నాకూ వేరే దారి లేదు. అన్నకు నువ్వు సెప్పొద్దు, నాకైతే నోరు రాదు." తువ్వాలుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. లోపలికి పోయి అక్క మీద పడ్డాను. ఇన్నాళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేసి కూర్చోబెట్టారా, నాకు చెప్పి ఉంటే అసలు ఆ కంప్యూటర్ ముట్టేవాణ్ణా అని అరిచాను. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది.

"తిరపతిలో కండ్ల డాక్టరుకు సూపించినాము. షుగరు కండ్లలోకి దిగిందంట. పోయిన సూపు రాదు, ఉండేది ఎన్నాళ్ళుంటాదో సెప్పలేము అన్నాడు. ఎవురికీ సెప్పొద్దని నాతో ఒట్టేపించుకున్నాడు మీ బావ. పాత డిజైన్లన్నీ మనసులో ఉండాయి కోమలీ, యారో కీ నొక్కుతా లెక్కపెట్టుకుంటా పోతానులే అన్నాడు. నేను యాడని సెప్పేది?"

గదిలోంచి బావ పిలిచాడు. పోయేసరికి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"సిన్నబ్బ సూసేసినాడు కదా?"

"సూసినాడు బావా."

"ఊరికే బాగుండాదన్నాడు. నాకు తెలుస్తాది. ఆ తెల్లది ఉన్నన్నాళ్ళు తప్పు దానిదని సెప్పుకున్నా. అందరూ నమ్మినారు. నాక్కూడా కొన్ని దినాలు నిజమేనేమో అనిపించింది. ప్రసాదూ, దాన్ని మళ్ళీ తెచ్చి పెట్టప్పా."

ఎర్రర్ తీసేయమని వచ్చేవాళ్ళను రోజూ చూస్తాను. మళ్ళీ పెట్టమని అడిగిన మనిషిని నేనెన్నడూ చూడలేదు. వద్దు బావా, ఇక చాలు అనాలని నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి అనలేకపోయాను. రిజిస్ట్రీలోకి పోయి సున్నాను చెరిపి పాత అంకె పెట్టాను. కంప్యూటర్ పడుకుని లేచింది. తెర నిండా చీలిన గోపురాలే.

"వచ్చిందా?" అన్నాడు బావ.

ఆయన తెరకు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. ముఖం తెర వైపే ఉంది. "ఇంకా లేదు" అని ఎలాగో అన్నాను.

తీసేసిన టిక్కు మళ్ళీ పెట్టాను. నడుస్తుండగానే ప్లగ్గు పీకాను, కరెంటు పోయినట్టు. మళ్ళీ గోపురాలే వచ్చాయి. నెలల తరబడి పిలవకుండా వచ్చి కూర్చున్న దయ్యం, కావాలన్నప్పుడు రానంటే రానంది. అది ఎలా పోతుందో రాసినవాళ్ళున్నారు గానీ ఎలా వస్తుందో ఎవరూ రాయలేదు. ఇంకోసారి ప్లగ్గు పీకి పెట్టాను. విండోస్ పాట అయిపోయింది.

"వచ్చిందా?"

"వచ్చింది బావా" అన్నాను.

గుమ్మంలో ఉన్న అక్క నన్ను చూసింది, డెస్క్‌టాప్‌ను చూసింది, వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ గట్టిగా ఊపిరి వదిలాడు. చిన్నబ్బకు ఫోన్ కలిపి ఇమ్మన్నాడు. కలిపి, స్పీకర్ పెట్టి చేతికిచ్చాను. అవతల మగ్గాల మోత, ఆ మోతలో చిన్నబ్బ గొంతు.

"సిన్నబ్బా, ఆ పాడు తెల్లది మళ్ళీ వచ్చేసిందప్పా. ఇందాక నువ్వు సూసింది సరిగ్గా పరుచుకోలేదు, కంప్యూటర్ తిక్క. ప్రసాదు బాగు సేస్తానంటా ఉండాడు. ఒక వారం ఓర్చుకో, నీ గోపురం అంచు నేనే ఇస్తా."

అవతల మగ్గాల మోత దూరమైంది, చిన్నబ్బ షెడ్డు బయటికి వచ్చినట్టున్నాడు.

"అట్లనే అన్నా" అన్నాడు చిన్నబ్బ. "తొందరేం లేదు. నిదానంగా సెయ్యి."

బావ ఫోన్ నాకు తిరిగిచ్చాడు.

"సూస్తివా, ఇంకా నా కాడికే వస్తా ఉండాడు" అన్నాడు, బల్ల మీద మౌస్ కోసం చేత్తో తడుముకుంటూ.